మానిటర్ కొనేముందు బల్ల కొలిచి చెప్పు

ఒరే అల్లుడూ,

నువ్వు పంపిన మూడు మానిటర్ల ఫొటోలూ చూశాను. రేట్లు రాశావు, రంగులు రాశావు, గదిలో కిటికీ ఎటుందో మాత్రం రాయలేదు. నాకు గుర్తున్నంతవరకు వైజాగ్ ఎంవీపీ కాలనీలో మీ వాటా తూర్పు ముఖం, పొద్దున్నే సముద్రం వైపునుంచి ఎండ నేరుగా గదిలోకి దిగుతుంది. కిటికీకి ఎదురుగా తెర పెడితే అందులో నీ మొహమే కనిపిస్తుంది, కిటికీ ముందు పెడితే వెనకనుంచి వెలుతురు కళ్లలో కొడుతుంది. పక్క గోడకి బల్ల జరుపుకో, రెండు బాధలూ తప్పుతాయి. తళతళలాడే గ్లాసీ తెర జోలికి పోకు, నీ గదికి మాట్ తెరే.

ఇక సైజు. నేను 27 అంగుళాలది కొన్న కథ మీ అత్తనడుగు, ఏడాదిపాటు ఎత్తిపొడిచింది. పెద్దది కదా అని మురిసిపోయి తెచ్చాను గానీ రిజల్యూషన్ చూసుకోలేదు, తీరా అది ఫుల్ హెచ్‌డీ. అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అవే చుక్కలు 24 అంగుళాల తెరలో అంగుళానికి 92 దాకా పడతాయి, 27కి సాగదీస్తే 82కి పడిపోతాయి. క్రికెట్ చూస్తే ఏమీ తెలియదు, తెలుగు పేపరు తెరిస్తే తెలుస్తుంది. "లక్ష్మి" అని చిన్న అక్షరాల్లో ఉంటే కింద వత్తులన్నీ ముద్దయిపోయి ఉంటాయి. నీకు 27 కావాల్సిందే అంటే 2560 బై 1440 ఉన్నది తీసుకో, అంగుళానికి 109 చుక్కలు వస్తాయి. డబ్బు చాలకపోతే 24 దగ్గరే ఆగు. బల్ల లోతు రెండడుగులు కూడా లేకపోతే 27 మీద పడుతున్నట్టే ఉంటుంది.

తెర లోపలి ప్యానెల్ ఏ రకమా అని అంత టెన్షన్ వద్దు. రోజంతా కోడ్ రాసుకుని అప్పుడప్పుడు ఫొటోలు దిద్దేవాడికి ఐపీఎస్ రకం మేలు, పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. వీఏ అనే ఇంకో రకంలో నలుపు ఇంకా నల్లగా ఉంటుంది, కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ వెలుగులో తేడా, మామూలు ఐపీఎస్‌కి 1000కి 1 ఉంటే దీనికి 3000 దాకా వస్తుంది, రాత్రి లైటార్పి సినిమాలు చూసేవాళ్లకి అది హాయి. డబ్బా మీద కోటికి ఒకటి అని రాసుంటే నవ్వుకుని వదిలెయ్. అది వెనక లైటుని పెంచీ తగ్గించీ తీసిన లెక్క. చుక్క రంగు మారడానికి పట్టే టైమంటూ రాసే 1 ఎంఎస్ (మిల్లీసెకను) అన్న ముక్క కూడా దాదాపు అలాంటిదే. ఆటలు ఆడవు కాబట్టి తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో చెప్పే హెర్ట్జ్ 75 అయినా, 100 అయినా నీకు చాలు.

మెడ సంగతి మర్చిపోకు. చౌక స్టాండులు ముందుకీ వెనక్కీ వంగుతాయే తప్ప పైకి లేవవు. తెర పై అంచు కంటి మట్టానికి రావాలి, నేనైతే పాత టెలిఫోన్ డైరెక్టరీలు రెండు కింద పెట్టి నెట్టుకొచ్చాను. వెనక వెసా రంధ్రాలు, అంటే స్టాండు బిగించే ప్రామాణిక మర రంధ్రాలు ఉన్నది చూసుకుంటే తర్వాత తెరని పట్టుకునే ఆర్మ్ బిగించుకోవచ్చు.

ద్వారకా నగర్‌లో షాపుకి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు నిండు బొమ్మలు, ఒక తెలుగు పేజీ వేసుకెళ్లు. షాపులో బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచేసి వాళ్ల వీడియో వేస్తారు, అందులో ఏ తెరైనా బాగుంటుంది. తగ్గించమను. ఒక్కో రంగూ వేసి రంగు మారని చచ్చిన చుక్కలున్నాయేమో వెతుకు, ఎన్నుంటే మారుస్తారో బిల్లు కట్టకముందే అడుగు, ఒక్క చుక్కకి చాలా కంపెనీలు మార్చవు. సర్వీస్ సెంటర్ ఊళ్లోనే ఉందో లేదో కూడా కనుక్కో, నాది హైదరాబాద్ వెళ్లి రావడానికి నెలన్నర పట్టింది.

ఇంటికి తెచ్చాక అద్దాలు తుడిచే స్ప్రే దాని మీద కొట్టకు, మాట్ పూత పాడవుతుంది. మన ఉప్పుగాలికి తెర మీద జిడ్డుదుమ్ము పడుతుంది, ముందు మెత్తని బ్రష్‌తో దులిపి, ఆ తర్వాత తడి పిండేసిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడువు.

రాత్రికి బల్ల లోతు కొలిచి వాట్సాప్ చెయ్యి. సీపీయూ వెనక మానిటర్ వైరు గుచ్చేచోట హెచ్‌డీఎంఐ ఉందో, ఆ పాత నీలం వీజీఏ ఒక్కటే ఉందో ఫొటో కూడా తియ్యి.

మీ మావయ్య