గోడకు చేప శిలాజం: కొనొచ్చా, తవ్వుకోవచ్చా?

ప్రశ్న: మేం సాల్ట్‌లేక్ సిటీలో ఉంటున్నాం. కొత్త ఇంట్లో హాలు గోడకు వయోమింగ్ చేప శిలాజం ఉన్న రాతి పలక పెట్టాలని మా ఆవిడ కోరిక. అక్కడి కెమ్మరర్ ఊరి దగ్గర క్వారీలో డబ్బు కడితే మనమే తవ్వుకోవచ్చట. పక్కనున్న ప్రభుత్వ భూముల్లో తీసుకుంటే తప్పా? ఆన్‌లైన్‌లో బ్రెజిల్ చేప ఒకటి చవగ్గా వస్తోంది, కొనొచ్చా? - ఒక పాఠకుడు

జవాబు: చేప శిలాజం కొని ఇంట్లో పెట్టుకోవడం నేరం కాదు, ఆ టెన్షన్ వద్దు. అది ఎవరి నేలలోంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

ప్రైవేటు నేలలో దొరికింది యజమానిది. ఆయన ఒప్పుకుని ఇస్తే మీది. క్వారీలో దిగేముందు సంతకం పెట్టించుకునే కాగితం పూర్తిగా చదవండి. మామూలుగా దొరికే నైటియా అనే రకం చేపలు మీవే, అరుదైనది బయటపడితే మాదే అనే షరతు అందులో ఉండొచ్చు. రాష్ట్ర ప్రభుత్వ భూమిలో నడిచే క్వారీ అయితే పక్షి, గబ్బిలం లాంటి అరుదైన శిలాజాలు రాష్ట్రానికే చెందుతాయి.

ఫెడరల్ భూమి, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ భూమి జోలికి మాత్రం వెళ్లకండి. కొన్ని ఫెడరల్ భూముల్లో ఆకుల శిలాజాలు, గవ్వల శిలాజాలు సొంతానికి కాసిని ఏరుకోనిస్తారు. చేప కూడా అంతే కదా అనుకుని చాలామంది ఇరుక్కుంటారు. చేపకు వెన్నెముక ఉంది. వెన్నెముక ఉన్న జీవి శిలాజం చిన్న ముక్కైనా పర్మిట్ లేకుండా తీయకూడదు. ఆ పర్మిట్ పరిశోధనకే ఇస్తారు, దొరికింది ప్రభుత్వ ఆస్తిగానే ఉంటుంది. 2009 నాటి చట్టం ప్రకారం శిక్ష 5 ఏళ్ల దాకా జైలు. శిలాజం విలువ, జరిగిన నష్టం కలిపి 500 డాలర్లు మించకపోయినా 2 ఏళ్ల దాకా పడొచ్చు. ఇది అతి అనిపించవచ్చు కానీ నాకు న్యాయంగానే తోస్తుంది. 5 కోట్ల ఏళ్ల నాటి చేపను ఏ పొరలో తీశారో రాసిపెట్టకుండా పెకలిస్తే ఆ సమాచారం మళ్లీ ఎవరికీ దొరకదు.

ఇదే చట్టం కొన్నవారినీ వదలదు. అక్రమంగా తీసిందని మీకు తెలిసినా, తెలిసి ఉండాల్సిందని కోర్టు భావించినా నేరమే. అందుకే ఇన్‌వాయిస్‌లో క్వారీ ఎక్కడుందో, ఆ నేల ఎవరిదో రాయించుకోండి. మరమ్మతు ఎంత చేశారో కూడా రాయించండి. పలకకు పక్కనుంచి టార్చి వేసి చూడండి. చేప చుట్టూ సన్నటి గీతలా అతుకు కనిపిస్తే వేరే రాతిలోని చేపను తెచ్చి పొదిగి ఉండొచ్చు. తోక, రెక్కలు ఒకే రంగులో నున్నగా ఉంటే బ్రష్షుతో పూసిన రంగేమో అడగండి. అలా అమ్మడం తప్పు కాదు, దాచి అమ్మడం తప్పు. ‘మరమ్మతు లేదు’ అని ఇన్‌వాయిస్‌లో రాసిచ్చారంటే అది చట్టం దృష్టిలో హామీ. అబద్ధమని తేలితే పరిహారం అడగొచ్చు. సాధారణంగా సరుకు అందిన 4 ఏళ్లలోపు దావా వేయాలి.

బ్రెజిల్ చేప వద్దు. 1942 నాటి డిక్రీ చట్టంతో అక్కడి శిలాజాలు ఆ దేశ ప్రభుత్వ సొత్తయ్యాయి. ‘పాత కలెక్షన్‌లోది’ అన్న మాట రుజువు కాదు. అమ్మేవారికే హక్కు లేకపోతే మీరెంత డబ్బు పోసినా మీకు హక్కు రాదు. బ్రెజిల్ తిరిగి ఇవ్వమని కోరితే డబ్బూ పోతుంది, చేపా పోతుంది.

అమ్మేవారిని ఏం అడిగినా ఈమెయిల్‌లోనే అడగండి. జవాబు, ఇన్‌వాయిస్, పలక వెనకవైపు ఫొటో ఒకేచోట దాచండి. రేపు దాన్ని అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా ఆ కాగితాలు కూడా ఇచ్చేయండి.