అమెరికాలో కేసుల్లో ఇరుక్కున్న మాజీ సైనికులకు మెంటర్‌ని ఇస్తే శిక్ష మాఫీ అయినట్టేనా?

కాదు, మెంటర్ అంటే తోడుగా నిలిచే మరో మాజీ సైనికుడు మాత్రమే, శిక్ష తగ్గించే అధికారం ఆయనకు లేదు. ఆ తోడు ఎందుకంటే, యుద్ధం మిగిల్చిన గాయం గురించి, దాన్ని మరవడానికి పట్టుకున్న తాగుడు గురించి యూనిఫాం వేసుకోనివాళ్ల దగ్గర చాలామంది నోరు విప్పరు.

న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలో జడ్జి రాబర్ట్ రసెల్ ముందు ఒక వియత్నాం యుద్ధ సైనికుడు తల వంచుకుని, ముక్తసరిగా గొణుగుతూ నిలబడ్డాడు. కోర్టులోనే ఉన్న ఇద్దరు మాజీ సైనికులు వరండాలోకి తీసుకెళ్లి మాట్లాడాక, తిరిగొచ్చి నిటారుగా నిలబడ్డాడు. 2008లో అక్కడ మొదలైన, జైలుకు బదులు చికిత్స వైపు నడిపే మాజీ సైనికుల ప్రత్యేక కోర్టులో మెంటర్లకు అంత చోటు అందుకే.

ఈ కోర్టును శిక్ష తప్పించుకునే దొడ్డిదారి అనుకోవడం పొరపాటు. చికిత్సకు వెళ్లాలి, మత్తు పరీక్షలు ఇవ్వాలి, తరచూ జడ్జి ముందు హాజరవ్వాలి. తప్పితే జైలు దాకా వెళ్లొచ్చు.