చిన్న మెషిన్ షాపులో ట్రైనింగ్‌కి ఎన్‌ఎస్‌క్యూఎఫ్ నిజంగా పనికొస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీది డెబ్బై మంది పనిచేసే సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్ల యూనిట్. ఈ మధ్య కస్టమర్ ఆడిట్‌లో "మీ ట్రైనింగ్ ప్లాన్‌కి ఆధారం ఏంటి" అని అడిగారు. ఎండీ గారు జాతీయ నైపుణ్య అర్హతల ఫ్రేమ్‌వర్క్, అంటే ఎన్‌ఎస్‌క్యూఎఫ్ ప్రకారం ప్లాన్ తయారుచేసి తెమ్మన్నారు. నైపుణ్య కోర్సులనీ అర్హతలనీ లెవెల్స్‌గా అమర్చిన ప్రభుత్వ చట్రం ఇది. ఇది ఫైళ్ల కోసమేనా, ఫ్లోర్ మీద ఏమైనా ఉపయోగం ఉంటుందా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ఉపయోగం ఉంది. కాకపోతే అందరూ ముందు చూసే లెవెల్ నంబర్లలో కాదు. నేను హైదరాబాద్ బాలానగర్‌లో టర్నింగ్ (లేత్ మీద తయారయ్యే) పార్టులు చేసే కంపెనీలో ముందు ఫ్లోర్ మీద, తర్వాత ట్రైనింగ్ చూస్తూ పనిచేశాను. అక్కడ మాకు పనికొచ్చినవీ, పక్కన పెట్టేసినవీ చెబుతాను.

ముందు లెవెల్స్ సంగతి తేల్చేద్దాం. 2013 డిసెంబరులో ఈ ఫ్రేమ్‌వర్క్ నోటిఫై చేసినప్పుడు పది లెవెల్స్ ఉండేవి. 2023లో సవరించి ఎనిమిదికి తెచ్చారు. మధ్యలో 2.5, 3.5, 4.5 లాంటి సగం మెట్లు కూడా పెట్టారు. అందుకే పాత సర్టిఫికెట్ మీది నంబర్‌నీ కొత్త సర్టిఫికెట్ మీది నంబర్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఐటీఐ ఫిట్టర్ సిలబస్ మీద ఒకప్పుడు లెవెల్ 5 అని ఉండేది, తర్వాతి దాని మీద లెవెల్ 4 అని ఉంది. అంతమాత్రాన కొత్త కుర్రాడికి పని తక్కువ వచ్చని కాదు, కొలబద్ద మారింది. రేపు డిప్లొమాకి వెళ్దామనుకునే కుర్రాడికీ, ఇంకో రాష్ట్రంలోనో విదేశంలోనో ఉద్యోగం చూసుకునేవాడికీ లెవెల్ నంబర్ అవసరం. మీ నైట్ షిఫ్ట్‌లో రిజెక్షన్ తగ్గించడానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. "మనవాళ్లందరినీ లెవెల్ 4కి తీసుకెళ్లాలి" అని మీ ప్లాన్‌లో మొదటి వాక్యం ఉంటే దాన్ని కొట్టేయండి.

అసలు సరుకు క్వాలిఫికేషన్ ప్యాక్‌లో ఉంటుంది. ఒక్కో ఉద్యోగానికి ఒక్కో ప్యాక్. నేషనల్ క్వాలిఫికేషన్ రిజిస్టర్ సైట్‌లోనూ, ఆయా సెక్టార్ స్కిల్ కౌన్సిళ్ల (ఒక్కో పరిశ్రమకి నైపుణ్య ప్రమాణాలు రాసే సంస్థల) సైట్లలోనూ ఉచితంగా దొరుకుతుంది. లోపల ఆ ఉద్యోగాన్ని నాలుగైదు పెద్ద ముక్కలుగా విడగొట్టి ఉంటారు. ఒక్కో ముక్కని నేషనల్ ఆక్యుపేషనల్ స్టాండర్డ్ అంటారు. ఒక్కో స్టాండర్డ్ కింద పీసీ1, పీసీ2 అంటూ పర్ఫార్మెన్స్ క్రైటీరియా ఉంటాయి. అంటే మనిషి ఆ పని వచ్చినవాడు అనిపించుకోవాలంటే ఏమేం చేసి చూపించాలో ఒక్కో వరుసలో రాసి ఉంటుంది. తర్వాత ఏం తెలిసి ఉండాలి అనేది. చివర్లో ఏ క్రైటీరియాకి థియరీలో ఎన్ని మార్కులు, ప్రాక్టికల్‌లో ఎన్ని, వైవాలో ఎన్ని అని టేబుల్. ఆ టేబుల్‌ని ఎవరూ చూడరు. మీరు చూడండి. ప్రాక్టికల్ మార్కులు ఎక్కడ ఎక్కువ పడ్డాయో చూస్తే ఆ ఉద్యోగంలో చేతిపని బరువు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. సీఎన్‌సీ ఆపరేటర్ పనికి క్యాపిటల్ గూడ్స్ కౌన్సిల్ వాళ్ల ప్యాక్ వేరే, ఆటోమోటివ్ కౌన్సిల్ వాళ్ల ప్యాక్ వేరే. రెండూ ఎన్‌ఎస్‌క్యూఎఫ్ కిందివే. మీ ఆర్డర్లలో ఎక్కువ భాగం బండ్ల విడిభాగాలైతే రెండోది చూడండి, లేకపోతే మొదటిది. రెండింటినీ కలిపి సొంతంగా ఒకటి వండుదామని మాత్రం అనుకోవద్దు. మేం ఆలోచించి మానేశాం. ఎవరికీ అర్థంకాని మూడో డాక్యుమెంట్ తయారవుతుంది. ఇంకోటి, ప్యాక్ డౌన్‌లోడ్ చేసేటప్పుడు దాని మీద చెల్లుబాటు తేదీ, రివిజన్ నంబర్ చూసుకోండి. గడువు అయిపోయిన ప్యాక్‌లు కూడా గూగుల్‌లో పైనే వస్తుంటాయి.

ప్యాక్‌లో ఉన్నది ఉన్నట్టు ప్రింట్ తీసి సూపర్‌వైజర్ చేతిలో పెడితే ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటాడు, అంతే. ఆ భాష ఆఫీసు భాష. "సరైన కొలత పరికరాన్ని ఎంచుకుని డ్రాయింగ్ ప్రకారం కొలతలు సరిచూడగలగాలి" లాంటి వాక్యాలు ఉంటాయి. దాన్ని దూరంగా నిలబడి కంటితో చూడగలిగేలా విడగొట్టాం. మైక్రోమీటర్ తీసుకోగానే జీరో చూశాడా? పార్ట్ మీద చిప్స్, కూలెంట్ తుడిచాడా? చివర్లో రాచెట్ తిప్పాడా, వేళ్లతో బిగించాడా? రీడింగ్ అక్కడికక్కడే రాశాడా, షిఫ్ట్ అయ్యాక గుర్తు తెచ్చుకుని రాశాడా? ఇలా రాస్తే ఒక రోల్‌కి రెండు పేజీలు వస్తుంది. మా దగ్గర సగం మంది ఒడిశా, బీహార్ వాళ్లు కాబట్టి ఒకవైపు తెలుగు, వెనకవైపు హిందీ వేశాం.

ఇక ముఖ్యమైన సంగతి. ట్రైనింగ్ క్యాలెండర్ వేయడానికి ముందు ఆ రెండు పేజీలు పట్టుకుని మెషిన్ దగ్గర నిలబడండి. క్లాస్‌రూమ్‌లో టెస్ట్ పెట్టొద్దు. మా దగ్గర బయటపడిన ఒక్క విషయం చెబుతాను. ఒక సీనియర్ ఆపరేటర్, చాలా ఏళ్ల అనుభవం. షాఫ్ట్ బయటి డయామీటర్ 25.00 నుంచి 24.98 మిల్లీమీటర్ల లోపు రావాలి. నేను చూస్తుండగా 25.02 వచ్చింది. ఇన్సర్ట్, అంటే టూల్ చివర కోసే ముక్క అరిగింది, అంతే. టూల్ అరుగుదలని సరిచేయడానికి మెషిన్‌లో కొట్టే అంకె, ఎక్స్ వేర్ ఆఫ్‌సెట్‌లో మైనస్ 0.03 కొడితే తర్వాతి పీస్ 24.99కి వచ్చేస్తుంది. అర నిమిషం పని. ఆయన మెషిన్ ఆపి, చేతులు తుడుచుకుని, సెట్టర్ (కొత్త జాబ్‌కి మెషిన్ సెట్ చేసే మనిషి) కోసం కేకేశాడు. సెట్టర్ అవతలి లైన్‌లో వేరే జాబ్ సెట్టింగ్‌లో ఉన్నాడు. మెషిన్ ఖాళీగా నిలబడింది.

ఆయనకి ఆఫ్‌సెట్ కొట్టడం రాక కాదు, అడిగితే చక్కగా చెప్పాడు. ఎప్పుడో ఎవరో ప్లస్, మైనస్ గుర్తు తప్పు కొట్టి టూల్ విరగ్గొట్టారట. అప్పటి నుంచి "ఆఫ్‌సెట్ ముట్టుకోవద్దు" అని నోటిమాటగా రూల్ వచ్చింది. మంచి ఆపరేటర్లకీ, నిన్న చేరినవాడికీ ఒకటే రూల్. ఎన్‌ఎస్‌క్యూఎఫ్‌లో ఆపరేటర్ వేరే రోల్, సెట్టర్ కమ్ ఆపరేటర్ వేరే రోల్. మా దగ్గర ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఎవరూ రాసిపెట్టలేదు. రాసి చూస్తే మాకు కావలసింది "అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ ట్రైనింగ్" కాదని తేలింది. వేర్ ఆఫ్‌సెట్ వరకు ఎవరికి అనుమతి, ఎంత వరకు మార్చొచ్చు, మార్చాక ఎక్కడ రాయాలి, ఇదే కావలసింది. షిఫ్ట్ మొదట్లో మెషిన్ దగ్గరే కాసేపు చెప్పి, చేయించి, చూసి, సంతకం పెట్టించాం. అదే పేరుతో బయటివాళ్లకి ఫీజు కట్టి రెండు రోజుల క్లాస్ పెట్టించి ఉంటే అందరూ టీ తాగి, సర్టిఫికెట్ తీసుకుని వచ్చేవాళ్లు.

ఇలా చూస్తే ప్రతి లోటూ ట్రైనింగ్ లోటు కాదని తెలుస్తుంది. కొన్ని రూల్ లోట్లు. కొన్ని పరికరాల లోట్లు. లైన్ మొత్తానికి ఒక్క బోర్ గేజ్ (రంధ్రం లోపలి కొలత తీసే పరికరం) ఉంటే "బోర్ కొలవడంలో ఆపరేటర్ వీక్" అని షీట్‌లో రాసి లాభమేంటి?

మీ గోడ మీద స్కిల్ మ్యాట్రిక్స్, అంటే ఎవరికి ఏ పని ఎంత వచ్చో చూపే చార్ట్ ఉండే ఉంటుంది. గుండ్రని బొమ్మలో పావు, సగం, ముప్పావు, నిండుగా నలుపు నింపి ఉంటుంది. నేను చూసిన దాదాపు ప్రతి కంపెనీలో అందరికీ ముప్పావు నిండి ఉంటుంది, సూపర్‌వైజర్‌కి నచ్చినవాళ్లకి పూర్తిగా. ఆ ముప్పావు దేని మీద ఆధారపడి నింపారని అడిగితే జవాబు ఉండదు. మీ ఆడిటర్ అడిగింది అదే అయి ఉంటుంది. క్వాలిటీ నిర్వహణ ప్రమాణమైన ఐఎస్ఓ 9001లో 7.2 క్లాజ్ పని చేసేవాళ్లకి ఏ సామర్థ్యం ఉండాలో మీరే నిర్ణయించి, ఉందని చూపే రుజువు దాచమంటుంది. ఎన్‌ఎస్‌క్యూఎఫ్ వాడమని ఎక్కడా అనదు. కానీ సామర్థ్యాన్ని ఎలా నిర్ణయించారన్న ప్రశ్నకి ప్యాక్‌లోని క్రైటీరియా కంటే గట్టి ఆధారం చిన్న కంపెనీకి వేరే దొరకదు. బొమ్మ అలాగే ఉంచండి, ఒక్కో పావు వెనక ఫలానా క్రైటీరియా అని కట్టేయండి, చాలు.

షీట్ ఎవరు నింపాలి అన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నేర్పినవాడు ఒకడు, పరీక్షించేవాడు ఇంకొకడు అన్నది ఈ ఫ్రేమ్‌వర్క్‌లో నాకు బాగా నచ్చిన పద్ధతి. సర్టిఫికెట్ కోర్సుల్లో ట్రైనింగ్ సంస్థ వేరు, అసెస్‌మెంట్ ఏజెన్సీ వేరు, రెండింటినీ నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌సీవీఈటీ వేరు. మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. మొదటి లైన్ సూపర్‌వైజర్ రెండో లైన్‌వాళ్లని చూడాలి, రెండో లైన్ ఆయన మొదటి లైన్‌ని. క్వాలిటీ నుంచి ఒకరు పక్కన ఉండాలి. మొదట్లో మొహమాటాలు, కాసింత గొడవ ఉంటాయి. తర్వాత సర్దుకుంటుంది.

ఫ్రేమ్‌వర్క్‌లో దొరకనివి కూడా ఉన్నాయి. మీ మెషిన్ మీద ఫానుక్ కంట్రోలర్ ఉందా, సీమెన్స్ ఉందా అన్నది ప్యాక్‌కి పట్టదు. మీ కస్టమర్ అడిగే ప్యాకింగ్, ట్రేసబిలిటీ స్టిక్కర్లు అందులో ఉండవు. అవి మీరే కలుపుకోవాలి. అలాగే ఇప్పటి ప్యాక్‌లలో చాలావాటిలో ఎంప్లాయబిలిటీ స్కిల్స్ అని 30 గంటల నుంచి 120 గంటల దాకా మాడ్యూల్స్ ఉంటాయి. కొత్తగా చేరే కుర్రాళ్లకి మంచివే. ఇరవై ఏళ్లుగా లేత్ మీద ఉన్న మనిషిని కూర్చోబెట్టి ఇంటర్వ్యూకి ఎలా వెళ్లాలో చెప్పకండి, నవ్వుతాడు.

అలాంటి పాత చేతులకి ఆర్‌పీఎల్ ఉంది, అంటే ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద నడుస్తుంది, యజమాని ఆవరణలోనే చేసే పద్ధతి కూడా ఉంది. బడ్జెట్‌ని బట్టి బ్యాచ్‌లు వస్తుంటాయి కాబట్టి సెక్టార్ కౌన్సిల్‌కి మెయిల్ పెట్టి వెంటపడాలి. దీనివల్ల కంపెనీకి నేరుగా వచ్చేది తక్కువే. పదో తరగతి తప్పి, ఏ కాగితమూ లేకుండా మెషిన్ నడుపుతున్న మనిషికి మాత్రం అది మొదటి సర్టిఫికెట్. మా దగ్గర ఒకాయన దాన్ని లామినేషన్ చేయించి ఇంట్లో పెళ్లి ఫొటో పక్కన పెట్టుకున్నాడు. అది ఉంటే వేరే కంపెనీకి వెళ్లిపోతారని మీ ఎండీ గారు భయపడొచ్చు. వెళ్లేవాళ్లు అది లేకపోయినా వెళ్తారు.

అప్రెంటిస్‌ల సంగతి మీ ప్రశ్నలో లేదు, అయినా చెప్పాలి. కాంట్రాక్ట్ వాళ్లతో కలిపి 30 మంది దాటిన సంస్థ తన సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లని పెట్టుకోవాలని చట్టం. డెబ్బై మందికి ఇద్దరి నుంచి పది మంది దాకా. అప్రెంటిస్‌షిప్‌ని ప్రోత్సహించే కేంద్ర పథకం నాప్స్ కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1,500 రూపాయలు మించకుండా, కేంద్రం భరిస్తుంది. మీరు పాత ఆపరేటర్ల కోసం తయారుచేసిన ఆ రెండు పేజీలే వీళ్లకి ట్రైనింగ్ డైరీగా పనికొస్తాయి. మొదటి నెలల్లో ఏం చేయించాలి, ఎప్పుడు మెషిన్ ఒంటరిగా అప్పగించాలి అన్నది ఇక సూపర్‌వైజర్ మూడ్ మీద ఆధారపడదు. టూలింగ్, ప్రోగ్రామింగ్ లోతుగా కావలసిన ఒకరిద్దరిని బాలానగర్ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) షార్ట్ కోర్సులకి పంపండి. 1968 నుంచి ఇదే పని చేస్తున్న సంస్థ. అందరినీ పంపక్కర్లేదు.

ఇప్పుడు మీ ప్లాన్‌లో బహుశా లేని మాట, జీతం. మనిషి కొత్తగా ఒక పని నేర్చుకుని, పరీక్షలో చూపించి, ఆ బాధ్యత మోస్తుంటే నెల చివర కవర్‌లో ఏదో ఒకటి కనిపించాలి. ఆఫ్‌సెట్ అనుమతి వచ్చినవాళ్లకి చిన్న అలవెన్స్ పెట్టమని మేం మేనేజ్‌మెంట్‌ని అడిగితే ముందు ఒప్పుకోలేదు. సెట్టర్ కోసం మెషిన్లు ఎంతసేపు ఆగుతున్నాయో షిఫ్ట్ లాగ్ నుంచి తీసి చూపించాక ఒప్పుకున్నారు. మీరూ ఆ లెక్క ముందే తీసి పెట్టుకోండి.

ఒకేసారి అన్ని రోల్స్ ఎత్తుకోవద్దు. రిజెక్షన్ ఎక్కడ ఎక్కువో, మెషిన్ ఎక్కడ ఎక్కువసేపు ఆగుతుందో ఆ ఒక్క రోల్ తీసుకోండి. మీకు ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్లు వేసే అలవాటుంటే మొదటి విడత పరిశీలన సంక్రాంతి లోపే ముగించండి. మార్చిలో షీట్లు పట్టుకుని మెషిన్ల చుట్టూ తిరిగితే ఎవరూ మామూలుగా పని చేసి చూపించరు, ప్రతి టిక్కూ జీతం బేరమే అవుతుంది.