‘స్టైన్స్ గేట్’ కథ ఏమిటి? అందులోని ముఖ్య పాత్రలు ఎవరు?

2009లో వెలువడిన ఈ జపనీస్ విజువల్ నవల (తెరపై బొమ్మలు, సంగీతంతో చదువుతూ, మధ్యలో ఎంపికలు చేసుకుంటూ సాగే వీడియో గేమ్) కథ, 2010 వేసవిలో టోక్యోలోని అకిహబారాలో సాగుతుంది. కథానాయకుడు ఒకాబే రింతారో కళాశాల విద్యార్థి. తనను తాను పిచ్చి శాస్త్రవేత్తగా ప్రకటించుకుని, అద్దె గదిలో ఒక చిన్న ప్రయోగశాల నడుపుతుంటాడు. చిన్ననాటి స్నేహితురాలు మయూరి, కంప్యూటర్లలో ఆరితేరిన దారు అతని తొలి సహచరులు. సెల్‌ఫోన్‌ను జోడించిన తమ మైక్రోవేవ్ ఓవెన్ సందేశాలను గతంలోకి పంపగలదని వారు అనుకోకుండా కనుగొంటారు. రక్తపు మడుగులో ఒకాబే కళ్లారా చూసిన యువ శాస్త్రవేత్త మకిసే కురిసు, ఆ తర్వాత ప్రాణాలతో ఎదురుపడటం వెనుక ఉన్నది ఆ యంత్రమే.

ప్రతి సందేశంతో చరిత్ర మారిపోతున్నా, పాత జ్ఞాపకాలు పూర్తిగా నిలిచేది ఒకాబేకు మాత్రమే. అందుకే మయూరి ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు, మిత్రులు ఎంతో ఆశతో పంపుకున్న సందేశాలను ఒక్కొక్కటిగా రద్దు చేయవలసిన భారం అతనిపైనే పడుతుంది. ఈ రచన అసలు బలం అక్కడే ఉందని నా అభిప్రాయం. ఒకరి కోరికను చెరిపివేయడం ఎంత బాధాకరమో ప్రతిసారీ విడిగా, తొందరపడకుండా చూపుతుంది. ఒకాబే, కురిసుల వాగ్వాదాలు క్రమంగా ఆత్మీయతగా మారే తీరు కూడా ఎంతో సహజంగా ఉంటుంది.

కథ ఏ మలుపు తిరగాలన్నది, పాఠకుడు ఒకాబే ఫోన్‌ను ఎప్పుడు, ఎలా వాడాడన్న దానిపై ఆధారపడుతుంది. తొలి భాగం నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి కొంత ఓపిక అవసరం.