సందేహాలు – సమాధానాలు: దర్జీకి స్త్రీలింగం ఏది?

సందేహం: అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ భార్య జాక్వెలిన్ కెనెడీ పెళ్లి గౌను తయారుచేసిన నల్లజాతి అమెరికన్ మహిళ ఆన్ లో (Ann Lowe) గురించి వ్యాసం రాస్తున్నాను. ‘కుట్టుపని చేసే ఆమె’ అని రాస్తే చిన్నచూపుగా ఉందని స్నేహితురాలు అంటోంది. ‘దర్జీ’ మగవాళ్లకే వాడాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: దర్జీ ఇద్దరికీ చెల్లుతుంది. ‘ఆవిడ మంచి దర్జీ’ అనొచ్చు. పారసీకంలో ‘దర్జ్’ అంటే బట్టలో కుట్టు. అరబ్బీ నుంచి వచ్చిన ‘దర్జా’కి దీనితో చుట్టరికం లేదు. దర్జీకి ఉన్న మరో మాట ‘మేర’ కులం పేరు కూడా కాబట్టి మీ వ్యాసానికి పనికిరాదు.

నా మనసంతా ‘కుట్టు’ మీదే ఉంది. తేలు కుట్టినా, చెవులు కుట్టినా, రవిక కుట్టినా అన్నిటా మొన దిగాల్సిందే. ‘కన్ను కుట్టడం’ మాత్రం అసూయ. మా అమ్మ మోదుగాకులు ఒళ్లో పోసుకుని, సన్నటి పుల్ల ఇటు గుచ్చి అటు తీసి, మిగిలిన కొస విరిచేస్తూ విస్తర్లు కుట్టేది. దారం లేని ఆ పనికి కూడా మన భాష ఇచ్చిన మాట కుట్టడమే. ఇంత చక్కటి క్రియ చేతిలో ఉండగా ‘బ్లౌజు స్టిచింగ్‌కి ఇచ్చాను’ అంటారేమిటి? బ్లౌజుతో నాకు పేచీ లేదు. ‘కుట్టడానికిచ్చాను’ అంటే ఏం పోయింది?

అయినా మీ స్నేహితురాలి మాట తీసిపారేయలేను. ఆన్ లోకు కుట్టుపని తల్లి, అమ్మమ్మల దగ్గర అబ్బిన విద్య. 1914లో తల్లి చనిపోతే, అలబామా గవర్నరు భార్య కోసం సగంలో ఆగిన గౌన్లను పదహారేళ్ల ఈ పిల్లే పూర్తి చేసింది. న్యూయార్క్ డిజైన్ స్కూల్లో ఆమెను తెల్లవాళ్లతో కలవనివ్వక వేరే గదిలో కూర్చోబెట్టారు. 1953 సెప్టెంబరులో కెనెడీల పెళ్లికి పది రోజుల ముందు, దుకాణంలోకి నీళ్లొచ్చి పదిహేను గౌన్లలో పది పాడయ్యాయి, పెళ్లికూతురి గౌనుతో సహా. ఆ పదీ మళ్లీ కుట్టి, నష్టం తానే భరించింది.

1961లో ఒక మహిళా పత్రిక ఆ గౌను కుట్టింది ఎవరో నల్లజాతి దర్జీ అని, పెద్ద ఫ్యాషన్ డిజైనరు పని కాదని అర్థం వచ్చేలా రాసింది. పేరే లేదు. ఆమె నొచ్చుకుని నేరుగా జాక్వెలిన్‌కే ఉత్తరం రాసింది. తనను ‘ప్రసిద్ధ నీగ్రో డిజైనర్’ అనాలని అడిగింది. ‘నీగ్రో’ నాటి మాట, ఇప్పుడు రాయకండి. ‘డిజైనర్’ మాత్రం ఆమె కోరి అడిగిన మాట. దాన్ని తీసేసే హక్కు మనకు లేదు. ‘రూపకర్త’ అని మార్చకండి, అతికించినట్టు ఉంటుంది.

అలాగని ‘కుట్టు’ను వదిలేయమని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. ‘డిజైనర్ ఆన్ లో కుట్టిన పెళ్లి గౌను’ అని రాసి చూడండి. పేరు ముందుండాలి. Lowe పలకడం ‘లో’ అనే, ‘లోవే’ కాదు.