సెవెన్ స్టార్ హోటల్ అంటే నమ్మొచ్చా?

ప్రశ్న: అమ్మాయి పెళ్లికి హైదరాబాద్‌లో హోటల్ చూస్తున్నాం. ఒకచోట 'మాది సెవెన్ స్టార్' అన్నారు. నిజమేనా? గది ధరేమో రోజుకో రకంగా చెబుతున్నారు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆ మాట నమ్మకండమ్మా. కేంద్ర పర్యాటక శాఖ స్టార్ హోదాల్లో అన్నిటికంటే పైది ఫైవ్ స్టార్ డీలక్స్. అదీ అయిదేళ్ల గడువుకే ఇస్తారు. సర్టిఫికెట్ అడిగి, గడువు తేదీ చూడండి. ఆన్‌లైన్ రేటింగ్ వేరు, అవి బస చేసినవాళ్లు వేసే మార్కులు.

ఇక ధర. గదులు నిండితే పెరుగుతుంది, ఖాళీగా ఉంటే తగ్గుతుంది. నేను గచ్చిబౌలిలో రిసెప్షన్‌లో పనిచేశాను. సోమవారం నుంచి గురువారం దాకా ఐటీ కంపెనీల అతిథులతో గదులు నిండిపోయేవి. శుక్రవారం సాయంత్రానికి తాళాలన్నీ మా కౌంటర్‌కే చేరేవి. అయితే శని, ఆదివారాల్లో మంచి ముహూర్తం పడితే మాత్రం లెక్క తారుమారే! అందుకే ముహూర్తం ఖాయం కాగానే గదుల ధర రాయించుకోండి. రోజుకు 7,500 రూపాయలు దాటిన గదికి 18 శాతం జీఎస్టీ పడుతుంది. చెప్పిన ధరలో అది కలిసి ఉందో లేదో కూడా అడగండి.