బీటెక్ 7.4తో అమెరికా లా స్కూల్‌కి: మార్కులూ, అప్పూ

ప్రశ్న: అన్నయ్యా, నాది జేఎన్‌టీయూ బీటెక్, సీజీపీఏ 7.4. రెండు బ్యాక్‌లాగ్స్ ఉండేవి, క్లియర్ చేశాను. అమెరికాలో జేడీ, అంటే అక్కడి లా డిగ్రీ, చేయాలని ఉంది. నా జీపీఏ 4 స్కేల్‌లో 2.96 అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పినప్పటి నుంచి ఒకటే టెన్షన్. సీటు వస్తుందా?
– ఒక చెల్లెలు, హన్మకొండ

చెల్లెమ్మా, ముందు ఆ 2.96ని మర్చిపో. 7.4ని నాలుగుతో గుణించి పదితో భాగించడం కన్సల్టెన్సీ లెక్క. జేడీకి అప్లై చేసేవాళ్ల కాగితాలు ఎల్‌సాక్ అనే సంస్థ ద్వారా వెళ్తాయి. ఇక్కడ అమెరికాలో డిగ్రీ చదివిన పిల్లల గ్రేడ్లను అది 4.33 స్కేల్ మీద వేసి ఒక జీపీఏ కడుతుంది. మనకు ఆ అంకె కట్టదు. మన చదువుల తీరు తెలిసినవాళ్లతో ట్రాన్స్‌క్రిప్ట్ చూపించి సుపీరియర్, ఎబవ్ యావరేజ్, యావరేజ్, బిలో యావరేజ్ అనే నాలుగింటిలో ఒకటి రాయించి స్కూళ్లకు పంపుతుంది. మన 70 శాతం ఫస్ట్ క్లాస్ అనీ, ఇక్కడి 70 లాంటి అత్తెసరు మార్కు కాదనీ వాళ్లకు తెలుసు. మార్కుల మెమోలు కూడా ఫైల్‌లోనే ఉంటాయి కాబట్టి బ్యాక్‌లాగ్స్ దాగవు. ఒక చిన్న పేరాలో కారణం రాసి ఊరుకో, కథలు వద్దు.

నేను వచ్చేనాటికి ఇది చెప్పే దిక్కు లేదు. ఎమ్మెస్‌కి వెళ్తున్న స్నేహితుల్ని చూసి, నేనూ ఒక ప్రైవేటు ఏజెన్సీకి డాలర్లు కట్టి మార్కుల్ని అమెరికా స్కేల్‌లోకి లెక్క కట్టించుకున్నాను. ఆ రిపోర్టు ఏ లా స్కూలూ అడగలేదు. తర్వాత యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచ్ చుట్టూ తిరిగి సీల్డ్ కవరు పంపిస్తే, అతికించిన చోట స్టాంపు లేదని అది వెనక్కొచ్చింది. నాన్న మళ్లీ బస్సెక్కి వెళ్లి, గుమస్తా పక్కనే నిలబడి కవరు మీద అడ్డంగా స్టాంపు కొట్టించారు. ఇప్పటి పద్ధతులు ఎల్‌సాక్ సైట్‌లో ఉన్నాయి, చదువుకో. ఇంగ్లిష్ పరీక్ష సంగతి ఏ స్కూల్‌కి ఆ స్కూల్ సైట్‌లో ఉంటుంది.

నాకు సుపీరియర్ వచ్చింది. మా వీధంతా చెప్పుకున్నాం! ఇక స్కాలర్‌షిప్ నడిచొస్తుందనుకుని ఎల్‌శాట్‌ని, అంటే లా స్కూల్ ప్రవేశ పరీక్షని, తేలిగ్గా తీసుకున్నాను. అసలు పొరపాటు అక్కడే జరిగింది. లా స్కూళ్లు ప్రతి ఏటా తమ విద్యార్థుల మీడియన్ (సరిగ్గా నడిమి) జీపీఏ, మీడియన్ ఎల్‌శాట్ బయటపెట్టాలి. ర్యాంకులకు కూడా అవి కావాలి. మనకు జీపీఏ అంకే లేదు కాబట్టి మనం ఆ మీడియన్‌ని పెంచం, తగ్గించం. మన వైపు నుంచి వాళ్ల లెక్కలోకి వెళ్లేది 120 నుంచి 180 మధ్య వచ్చే ఆ ఎల్‌శాట్ స్కోరే. అది మీడియన్ కంటే పైన ఉంటే వాళ్లకు మనం కావాలి, కావాలనుకున్నచోటే డబ్బు కదులుతుంది. సుపీరియర్ అన్న మాట సీటు దగ్గర మేలు చేసింది, ఫీజు దగ్గర నేననుకున్నంత కలిసిరాలేదు. జీఆర్ఈ తీసుకునే స్కూళ్లు చాలా ఉన్నాయి, అయినా నా ఓటు ఎల్‌శాట్‌కే. ముందు ఇక్కడ ఎమ్మెస్ చేసి 4.0 తెచ్చుకుంటే సరిపోతుందని కొందరంటారు. మొదటి డిగ్రీ తర్వాత చదివినవి ఎల్‌సాక్ జీపీఏలో కలవవు. దానికోసం ఇంకో ఫీజు కట్టకు.

ఇక ఫీజు. పేరున్న స్కూళ్లలో ట్యూషనే ఏడాదికి 70 వేల డాలర్లు దాటింది, అలా మూడేళ్లు. అద్దె, తిండి, ఇన్సూరెన్స్ వేరే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇక్కడి ప్రభుత్వమిచ్చే ఫెడరల్ లోన్ లేదు. ఇక్కడి ప్రైవేటు లోన్‌కి సాధారణంగా కో-సైనర్‌ని, అంటే పూచీ ఉండేవాళ్లని, అడుగుతారు, మన బ్యాంకులు ఇల్లో పొలమో తాకట్టు అడుగుతాయి. హార్వర్డ్, యేల్, స్టాన్‌ఫర్డ్‌లు ప్రతిభ చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ అవసరం చూసి ఇస్తాయి. మిగతా చాలా చోట్ల బేరం ఆడొచ్చు. కోఠిలో చీరకు గంటసేపు బేరమాడే మనం ఇక్కడ నోరు విప్పడానికి సిగ్గుపడతాం. ఇంకో స్కూల్ ఇచ్చిన ఆఫర్ జతచేసి మర్యాదగా ఒక ఈమెయిల్ రాస్తే తప్పు పట్టేవాళ్లు లేరు. అయితే అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టు చూస్తూ పోతారు కాబట్టి శీతాకాలం ముదిరాక పంపితే అడగడానికి మిగిలేది తక్కువ.

నాకు సగం ఫీజు స్కాలర్‌షిప్ ఇచ్చారు, మొదటి ఏడాది జీపీఏ 3.0 నిలబెట్టుకోవాలన్న షరతుతో. యూనివర్సిటీ ర్యాంకర్‌ని, 3.0 ఎంత పని అనుకున్నాను. ఇక్కడ మొదటి ఏడాది క్లాసులు కర్వ్ మీద నడుస్తాయని, అందరూ బాగా రాసినా కొందరికి తక్కువ గ్రేడ్ పడి తీరుతుందని అప్పుడు తెలీదు. నేను 2.9 దగ్గర ఆగాను. రెండో ఏడాది ఫీజు కోసం నాన్న ఇంటి స్థలం అమ్మారు. ఫోన్‌లో మాత్రం 'ధర బాగా వచ్చిందిరా' అన్నారు. లైబ్రరీలో రాత్రి పని చేస్తూ, అన్నం పచ్చడితో సరిపెట్టి గట్టెక్కాను. ఇప్పటి పిల్లలకు ఆ ఓపిక తక్కువ, నిన్ననడం లేదులే.

అందుకని స్కూళ్ల ర్యాంకులు చూసే ముందు 509 రిపోర్టులు చూడు. అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధన ప్రకారం ప్రతి స్కూలూ వాటిని పెట్టి తీరాలి. ఫీజు, ఎందరికి ఎంత స్కాలర్‌షిప్ ఇచ్చారన్నది అందులోనే ఉంటాయి. షరతుల స్కాలర్‌షిప్ ఎందరికి ఇచ్చి, ఎందరికి తగ్గించారో, తీసేశారో చెప్పే పట్టిక కూడా పెడతారు. అది నేను డిగ్రీ పట్టా అందుకున్నాక చూశాను.

ఇంకొకటి మీ నాన్నగారికి ముందే చెప్పు. జేడీ స్టెమ్ (సైన్స్, ఇంజనీరింగ్ లాంటి చదువులు) కిందకు రాదు. చదువయ్యాక ఇక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే, ఆపైన హెచ్1బీ వర్క్ వీసా లాటరీ. మీ ఎమ్మెస్ అన్నల్లా మూడేళ్లు ఉంటాయనుకుని ఈఎంఐ లెక్క వేసుకోవద్దు. నీ బీటెక్ పేటెంట్ లా వైపు పనికొస్తుంది, దాన్ని అప్లికేషన్‌లో గట్టిగా చెప్పుకో.

స్కాలర్‌షిప్ లెటర్ వస్తే సంతకం పెట్టకముందు నాకు పంపు. అందులో షరతుల పేరా ఎక్కడుందో నేను చూపిస్తాను.